గాలి కనబడే కాలర్

వెనక నుంచి చూడాలి ఆ కాలర్‌ని. ముందు నుంచి చూస్తే ఛాతీ మీద స్కార్ఫు ముడి, నడుం కింద స్కర్టు కుచ్చిళ్ళు, అంతే. పిల్ల అటు తిరిగి నాలుగడుగులు వేసిందా, అప్పుడు బయటపడుతుంది అసలు సొగసు. భుజాల మీద నుంచి వీపు దాకా నలుచదరంగా పరుచుకున్న ముదురు నీలం గుడ్డ. దాని అంచు వెంబడి సన్నటి తెల్ల గీతలు, చాలా బళ్ళలో మూడు. మూల దగ్గరకు రాగానే ఆ మూడూ ఒక్కసారే మలుపు తిరుగుతాయి. మెడ దగ్గర తప్ప ఈ గుడ్డ ఎక్కడా కుట్టి ఉండదు. చలి ఆపదు, జేబుగా పనికిరాదు, ఒంటికి అంటిపెట్టుకుని ఉండదు. దానికి తెలిసిన పని ఒక్కటే, గాలి వస్తే లేవడం.

జపాన్‌లో దీన్ని సేరా-ఫుకు అంటారు. నావికుల దుస్తులన్న మాట. వేసుకునేది మాత్రం పుస్తకాల సంచి తగిలించుకుని లోకల్ రైలెక్కే బడిపిల్లలు. యానిమేలు, అంటే జపాన్ కార్టూన్లు, చూస్తూ పెరిగిన పిల్లలున్న ఇంట్లో జపాన్ అనగానే ఫుజి కొండ కంటే ముందు గుర్తొచ్చేది ఈ కాలరే. ఒక దేశం తన బడి బట్టల్ని ఇంత ముద్దుగా, ఇంతకాలం, ఇన్ని వేల కథల్లో బొమ్మ గీసుకోవడం మరెక్కడా జరగలేదనుకుంటాను. నాకు అబ్బురమనిపించేది ఇంకొకటి. సముద్రపు గాలి మధ్య బతికే వాళ్ళ బట్ట నేల మీదకొచ్చి, తరగతి గదుల్లోకి వెళ్ళి కూర్చుని, చివరికి ఆ గాలినే మనకు చూపించే పనిలో కుదురుకుంది.

కథ ఓడ మీద మొదలవుతుంది. బ్రిటిష్ నౌకాదళం తన మామూలు నావికులకు ఒకే తీరు దుస్తులని కట్టడి చేసింది 1857లో. అంతకుముందు నుంచే వాళ్ళు ఆ మోస్తరు బట్టలు వేసేవాళ్ళు. వెనక అంత వెడల్పు కాలర్ ఎందుకంటే తలా ఒక కథ చెబుతారు. జుట్టుకు పూసుకున్న తారు చొక్కాకు అంటకుండా అని కొందరు, హోరుగాలిలో కాలర్‌ని చెవుల దగ్గర ఎత్తి పట్టుకుంటే పిలుపు వినబడుతుందని కొందరు. రెండో కథ నిజమైనా కాకపోయినా నాకదే ఇష్టం.

ఆ కట్టడికి పదకొండేళ్ళ ముందే, 1846లో, విక్టోరియా రాణి పెద్దకొడుకు నాలుగేళ్ళ వయసులో, రాజనౌక మీద అచ్చం నావికుడిలాంటి బుల్లి దుస్తుల్లో కనిపించాడు. వింటర్‌హాల్టర్ ఆ వేషంలోనే అతని బొమ్మ వేశాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని, గడ్డి టోపీ వెనక్కి నెట్టుకుని నిలబడ్డ ఆ పసివాణ్ణి చూసి యూరప్ తల్లులు ఆగలేకపోయారు. ఫిరంగుల పక్కన నిలబడే వాళ్ళ బట్టలు పాలపళ్ళ వాళ్ళ మీదికొచ్చాయి. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో తండ్రి ఈల ఊదగానే మెట్లు దిగివచ్చి వరసలో నిలబడే పిల్లల బట్టలు గుర్తున్నాయా? ఆ పరంపరే. 1934లో తెర మీదకొచ్చిన డొనాల్డ్ డక్ నీలం చొక్కా కూడా ఆ తానులోని ముక్కే. బాతు కాబట్టి నీళ్ళతో చుట్టరికం ఉందనుకోండి.

జపాన్‌లో ముందు కొత్త బట్టలు మగపిల్లలకు దక్కాయి. 1879లో గకుషూయిన్ బడి, 1886లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీ సైనికుల కోటు తీరులో నిలువు కాలర్ దుస్తులు పెట్టాయి. ఆడపిల్లలు కిమోనో మీద, కాళ్ళ దాకా కుచ్చిళ్ళు జారే హకామా కట్టుకుని చాలాకాలం బడికి వెళ్ళారు. సేలర్ దుస్తులు వాళ్ళ దగ్గరికొచ్చింది 1920, 21 నాటికి. ఏ బడి ముందన్న దాని మీద క్యోటోలోని హెయాన్ జొగకుయిన్‌కీ, నగోయాలోని కింజో గకుయిన్‌కీ, ఫుకువోకా జొగకుయిన్‌కీ మధ్య పంచాయితీ ఉంది. ఒకరిది ముందుగా వచ్చింది గానీ అది పైనా కిందా కలిసిన గౌను, ఇంకొకరిది చొక్కా, స్కర్టు విడివిడిగా ఉన్నది, ఇలా సాగుతుంది వాదన. ఫుకువోకాలో దాన్ని తెచ్చింది ఎలిజబెత్ లీ అనే ప్రిన్సిపాల్. ఆమె పెట్టిన దుస్తుల మీద లంగరు గుర్తు కుట్టి ఉంటుంది. క్రైస్తవంలో లంగరు ఆశకు గుర్తు. ఓడలో లంగరు వేసేవాడి బట్ట మీద అది పనిముట్టు బొమ్మ, ప్రార్థన చేసుకునే పిల్ల బట్ట మీద అదే ప్రార్థన.

అంత తొందరగా దేశమంతా ఎలా పాకింది? కసరత్తు చేయడానికి కిమోనో అడ్డమొస్తోందన్నది ఒక సంగతి. ఇంకో సంగతి నాకు మరీ నచ్చింది. ఈ దుస్తులు ఇంట్లో కుట్టుకోవడం తేలిక. నడుం దగ్గర బిగుతు లేదు, లెక్క తప్పితే పాడయ్యే కత్తిరింపులు తక్కువ. చాలా బళ్ళలో కుట్టుపని తరగతిలో ఆడపిల్లలు తమ యూనిఫాం తామే కుట్టుకున్నారు. దొరల దేశం నుంచి దిగిన దుస్తులు జపాన్ పిల్లల చేతి సూదితో జపాన్ సొంతమయ్యాయి.

ఇప్పుడు ఆ సూదుల్లో చాలామటుకు ఒకచోట చేరాయి. ఒకయామా జిల్లాలో కొజిమా అనే ఊరుంది. పేరులోనే దీవి ఉంది, ఒకప్పుడు నిజంగా దీవే. చుట్టూ ఉన్న సముద్రాన్ని పూడ్చి నేల చేసుకున్నారు. ఉప్పు తేలిన ఆ నేలలో అప్పట్లో వరి పండేది కాదు, పత్తి తట్టుకునేది. పత్తి ఉంది కాబట్టి నేత వచ్చింది, నేతతో పాటు కాలి మేజోళ్ళు కుట్టే పనొచ్చింది, దాని వెనక బడి యూనిఫాంలు, ఆ తర్వాత జీన్సు ప్యాంట్లు. దేశంలో బడిబట్టలకు పెట్టింది పేరు ఒకయామా. అక్కడి కంపెనీల పేర్లూ ముచ్చటే. ఒకటి తొంబొ, తూనీగ. ఇంకొకటి కంకో, చదువుల దేవుడిగా కొలిచే సుగవారా నో మిచిజానేని భక్తిగా పిలుచుకునే పేరు. సముద్రపు దుస్తుల్ని సముద్రం దగ్గర లాక్కున్న నేల మీద కూర్చుని కుట్టడం అనే ఈ పొంతన ఎవరూ ప్లాను చేసింది కాదు.

దగ్గరికెళ్ళి చూస్తే ఆ కాలర్‌లో ఊరికో తీరుంది. తూర్పున కాంతో కాలర్ చిన్నది, కాస్త వంపు తిరిగి ఉంటుంది. పడమటి కాన్సాయ్ కాలర్ నిటారుగా, ఛాతీ మీద లోతుగా దిగుతుంది. నగోయా కాలర్ అన్నిటికంటే పెద్దది, భుజాలు రెండూ దాని కిందే ఉంటాయి. ఉత్తరాన సప్పోరోకి మళ్ళీ ఇంకొకటి. తెలిసినవాళ్ళు సినిమాలో పిల్ల మెడ చూసి ఏ ఊరి కథో చెప్పేస్తారట. యాస మాటల్లోనే ఉంటుందనుకుంటాం, కాలర్‌కి కూడా ఉంది.

ఆ బట్టతో బతకడంలోనూ సొగసుంది. ఏప్రిల్‌లో, చెర్రీ పూలు రాలే రోజుల్లో బడి తెరుస్తారు. మూడేళ్ళూ ఇదే వేసుకోవాలి, పిల్ల పెరుగుతుంది, అందుకని అమ్మలు ఒక సైజు పెద్దది కొంటారు. మొదటిరోజు ఫొటోల్లో చొక్కా చేతులు సగం అరచేతి దాకా వచ్చి ఉంటాయి. జూన్ 1న తెల్ల చొక్కాల్లోకి, అక్టోబర్ 1న నీలం ఉన్ని బట్టల్లోకి మారడం ఆనవాయితీ. కొరోమొగాయే అంటారు దాన్ని, రాజుల కాలం నుంచీ వస్తున్న రుతువుల లెక్క. ఒక్క రోజులో రైలు ప్లాట్‌ఫారం మొత్తం రంగు మారుతుంది.

ఇక కుచ్చిళ్ళ సంగతి. స్కర్టు చుట్టూ ఒకే దిక్కుకు మడతలు పేరుస్తారు, ఇరవై దాకా, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. వర్షంలో తడిసినా, బెంచీ మీద కుదురు లేకుండా కూర్చున్నా చెదిరిపోతాయి. రోజూ ఇస్త్రీ ఎవరు పెడతారు? రాత్రి పడుకునే ముందు స్కర్టుని నేల మీద పరిచి, ఒక్కో మడతా వేలితో సర్ది, దాని మీద పరుపు వేసుకుని పడుకోవడం పాత పద్ధతి. నిద్రే ఇస్త్రీ పెట్టె. తెల్లారేసరికి కత్తి అంచుల్లా మడతలు. కల బాగా వచ్చి అటూ ఇటూ దొర్లితే మాత్రం పొద్దున అడ్డదిడ్డంగా ఇంకో వరస మడతలు లేస్తాయి, అవి పోవు.

యుద్ధకాలంలో ఈ సొగసుకు కత్తెర పడింది. 1941లో గుడ్డ పొదుపని చెప్పి, ఆ నలుచదరం తీసేసి హెచిమా కాలర్ పెట్టారు. హెచిమా అంటే మన నేతిబీర. ఆ కాయలా పొడుగ్గా, మెడ చుట్టూ ఒరిగి ఉండే కాలర్. స్కర్టు స్థానంలో పొలం పనికి వేసుకునే మొంపే పైజామాలు వచ్చాయి. హిరోషిమాలో అణుబాంబు పడ్డ పొద్దున, మంటలు పాకకుండా ఇళ్ళు కూల్చి ఖాళీ జాగా చేసే పనికి బడిపిల్లల్ని పంపారు. వాళ్ళ ఒంటి మీది బట్టలు ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. ఇషివుచి మియాకో అనే ఫొటోగ్రాఫర్ అక్కడి బట్టల్ని ఒక్కొక్కటే వెలుగుకు ఎదురుగా పెట్టి రంగుల్లో ఫొటో తీసింది. నేతలో చిరుగులు, వాటితో పాటే చేతి కుట్లు, పూల అచ్చులు, బొత్తాలు. చనిపోయిన పిల్ల కంటే ముందు, ఆ పొద్దున బట్ట వేసుకున్న పిల్ల కనబడుతుంది.

యుద్ధం పోయింది, కాలర్ తిరిగొచ్చింది, మెల్లగా కథల్లోకి ఎక్కింది. 1970ల్లో పొగరుబోతు ఆడపిల్లలు స్కర్టుని చీలమండల దాకా పొడుగు చేసి తిరుగుబాటు చేశారు. 90ల్లో వాళ్ళ తర్వాతి తరం నడుం దగ్గర మడతపెట్టి పొట్టి చేసి తిరుగుబాటు చేసింది, కాళ్ళ మీద వదులు మేజోళ్ళు జారకుండా జిగురు కూడా రాసుకుంది. టీచర్లకు రెండూ కోపమే. వదా షింజీ మాంగా, అంటే బొమ్మల కథ, ‘సుకెబాన్ దెకా’లో సేలర్ దుస్తుల పిల్ల పోలీసుల తరఫున పనిచేస్తుంది. ఆయుధం యోయో. దాని మూత తెరిస్తే పోలీసు ముద్ర. 1985లో టీవీలోకి వచ్చాక ఎన్ని ఇళ్ళలో గాజు సామాను పగిలిందో! అంతకు నాలుగేళ్ళ ముందు సోమాయ్ షింజి తీసిన ‘సేరా-ఫుకు తో కికాంజు’, అంటే సేలర్ దుస్తులూ మెషిన్‌గన్నూ, దేశాన్ని ఊపేసింది. కాలేజీ ముఖం కూడా చూడని పిల్ల ఒక చితికిపోయిన గూండా ముఠాకు పెద్ద అవుతుంది. నవ్వాలో భయపడాలో తెలియని సినిమా. పెద్ద పెద్ద సన్నివేశాలు కత్తిరింపు లేకుండా సాగుతుంటే యకుషిమారు హిరోకో అనే ఆ చిన్న నటి వాటన్నిటినీ మోసింది.

ఈ దుస్తుల్ని చవకబారు చూపుతో వాడుకున్న సరుకూ అక్కడ కుప్పలుగా ఉంది. పసిపిల్లల బట్ట అది. ఆ సరుకు దగ్గర నాకు ఆగాలనిపించదు.

1991 డిసెంబరులో ‘నకయోషి’ పత్రికలో మొదలైంది ‘సేలర్ మూన్’. రాసింది తకెఉచి నవోకో, ఫార్మసీ చదువుకున్నావిడ. ఆడపిల్లలు అంతరిక్షంలో పోరాడే కథ రాస్తానంటే, వాళ్ళకు సేలర్ దుస్తులు వేద్దామన్నది ఆమె ఎడిటర్ ఒసానో ఫుమియో సలహా. ఆ సలహా విలువ చూడండి. ఓడ మీద సైనికుడి బట్ట రాకుమారుడి ఒంటి మీదికొచ్చింది. అక్కణ్ణుంచి బడిపిల్లల దగ్గరికి చేరింది. ఇప్పుడు అదే బడిపిల్ల అదే బట్టలో మళ్ళీ సైనికురాలైంది, ఈసారి చంద్రుడి తరఫున. నూట యాభై ఏళ్ళ చుట్టు ఒక్క బొమ్మలో పూర్తయింది. ఆ సైనికురాలు ఎలాంటిది? త్సుకినో ఉసగికి పద్నాలుగేళ్ళు. పొద్దున లేవదు, పరీక్షలో తప్పుతుంది, చిన్న దెబ్బకే భోరుమంటుంది. ఆమె నీలం కాలర్ పక్కన ఒక్కో నేస్తం ఒక్కో రంగు: మెర్క్యురీకి లేత నీలం, మార్స్‌కి ఎరుపు, జూపిటర్‌కి ఆకుపచ్చ, వీనస్‌కి నారింజ. గ్రహాలకు యూనిఫాం వేయడమంటే ఇదే. 1992 మార్చిలో టీవీకి వచ్చాక అది జపాన్ హద్దుల్లో ఆగలేదు. పిల్లలందరూ ఒకేలా ఉండాలని పుట్టిన బట్ట, ప్రపంచంలో ఎందరో ఆడపిల్లలకు తాము వేరేగా ఉండొచ్చన్న సరదా నేర్పింది.

ఇంతకీ ఈ కాలర్‌ని గీసేవాళ్ళ మాట చెప్పాలి, నా మనసంతా అక్కడే ఉంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. జపాన్ టీవీ యానిమేలో డబ్బు తక్కువ, వేళ తక్కువ, అందుకని ఒక్కో బొమ్మని మూడు ఫ్రేముల పాటు నిలబెడతారు, అంటే సెకనుకు ఎనిమిది బొమ్మలు. అవి కూడా గీయలేనప్పుడు? పిల్లని కదలకుండా నిలబెడతారు. ముఖం ఒకే బొమ్మ, ఒళ్ళు ఒకే బొమ్మ. జుట్టు, స్కార్ఫు కొస, కాలర్ మూల, ఈ మూడు మాత్రం కొన్ని బొమ్మల్లో గీసి తిప్పి తిప్పి వేస్తారు. నబికి అంటారు వాళ్ళు ఈ పనిని. గుడ్డ కుట్టిన చోట అల పుట్టాలి, కొస దాకా పాకాలి, కొస దగ్గర కాస్త ఆలస్యంగా విరగాలి, చివరి బొమ్మ మళ్ళీ మొదటి బొమ్మలోకి అతుకు తెలియకుండా కలవాలి. అది కుదిరిందా, రాయిలా నిలబడ్డ పిల్ల ఊపిరి తీస్తున్నట్టుంటుంది. ఏదో ఆలోచిస్తోందని కూడా మనమే అనుకుంటాం. గాలిని గీయడం ఎవరి తరమూ కాదు. గాలికి లేచే గుడ్డని గీయొచ్చు. మెడ దగ్గర మాత్రమే కుట్టి వదిలేసిన గుడ్డ ఉండటం ఆ బొమ్మలవాళ్ళ అదృష్టం.

ఇక డబ్బూ వేళా కాస్త ఉన్నప్పుడు ఏం చేస్తారో చూడాలంటే క్యోటో యానిమేషన్ వాళ్ళని చూడాలి. యమదా నవోకో 2018లో తీసిన ‘లిజ్ అండ్ ద బ్లూ బర్డ్’ మొదట్లో కథేమీ జరగదు. ఒక పిల్ల బడి మెట్ల మీద కూర్చుని నేస్తం కోసం చూస్తూ ఉంటుంది. నేస్తం వస్తుంది. ముందు ఆమె, వెనక ఈమె, కారిడార్ల వెంట, మెట్ల వెంట నడుస్తారు. ముందు పిల్ల జుట్టు ముడి ఊగుతుంటే వెనక పిల్ల దాన్నే చూస్తూ వెళుతుంది. అడుగుల చప్పుడు సంగీతంలో కలుస్తుంది, ఒకరి అడుగు ఇంకొకరి అడుగుతో కుదరదు. ఇద్దరివీ ఒకే బట్టలు, ఒకే కాలర్, ఒకే కుచ్చిళ్ళు. అందుకే తేడా అంతా నడకలో కనబడుతుంది: ఒకరి స్కర్టు మోకాళ్ళ దగ్గర ఎగిరి పడుతుంది, ఇంకొకరిది అణిగి ఉంటుంది. ఎవరు ఎవర్ని ఎక్కువ ప్రేమిస్తున్నారో మాట లేకుండానే తెలిసిపోతుంది. యూనిఫాం మనుషుల్ని ఒకే అచ్చులో పోస్తుందని తిట్టేవాళ్ళకు నేను ఈ కాసేపటి నడక చూపిస్తాను.

నిజం బళ్ళలో మాత్రం ఈ కాలర్ తగ్గిపోతోంది. 1980ల నుంచి బ్లేజర్లు, గళ్ళ స్కర్టులు, టైలు వచ్చాయి. ఇప్పుడు ఆడా మగా ఎవరైనా ప్యాంటు వేసుకునే వీలు పెడుతున్నారు, మంచిదే. చదువయిపోయిన వాళ్ళు సరదాకి యూనిఫాం కొనుక్కుని టోక్యోలోని హరాజుకులో తిరగడం కూడా ఉంది. 2009లో జపాన్ విదేశాంగ శాఖ ముద్దుదనానికి రాయబారులని ముగ్గురు అమ్మాయిల్ని ఎంచుకుంటే, అందులో ఒకరు ఈ బడిబట్టల తరఫునే వెళ్ళారు. ఏ ప్రభుత్వం చేస్తుంది చెప్పండి!

బడి వదిలేసిన కాలర్‌ని మాంగా వాళ్ళు వదలలేదు. హిరో అనే రచయిత మాంగా, 2022లో యానిమేగా వచ్చిన ‘అకెబి-చాన్ నో సేరా-ఫుకు’ ఈ సంగతి మీదే నడుస్తుంది. పల్లెటూరి పిల్ల అకెబి కొమిచి. చిన్న బడిలో తోటిపిల్ల ఒక్కతీ లేకుండా చదువుకుంది. టీవీలో ఒక గాయని వేసుకున్న సేలర్ దుస్తులు చూసినప్పటి నుంచీ తనకూ అవే కావాలి. అమ్మ చదివిన బడిలో సీటొచ్చింది, అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంది. కొలతలు, కత్తిరించిన గుడ్డ, సూది కింద మెల్లగా జరిగే కాలర్, పిల్ల కళ్ళల్లో తీరని ఆత్రం, ఇవన్నీ తీరిగ్గా చూపిస్తారు. తీరా బడికెళితే అక్కడ అందరివీ బ్లేజర్లు. సేలర్ దుస్తులు అమ్మ కాలంతోనే పోయాయి. ముందు అవే ఈ బడి బట్టలు కదా అని ఈ పిల్లని వేసుకోనిస్తారు. ఇక చూడాలి. బ్లేజర్లు భుజాల మీద బుద్ధిగా కూర్చుని ఉంటే, తరగతంతటిలో ఈ ఒక్కతి కాలరే ఎగురుతుంటుంది. పిల్ల పరుగెడుతుంది, గెంతుతుంది, నాట్యమాడుతుంది, ఒక్క క్షణం కుదురుగా నిలవదు. అమ్మ కుట్టు గట్టిదే అయ్యుండాలి.